శుక్రవారం తాళంచెవి

హిదాయతుల్లాను చెడ్డవాడనేవాళ్ళు మార్కాపురంలో ఎవరూ లేరు. కోపిష్టి అనేవాళ్ళు మాత్రం అతని పలకల ఫ్యాక్టరీ నిండా ఉన్నారు. ఒకప్పుడు తానూ పలకరాయి కోసినవాడే, ఆ దుమ్ము మింగి ఇప్పటికీ దగ్గుతాడు. అయినా దుమ్ము లాగే మిషను పెట్టమంటే ఏదో ఒక సాకు. అదీ మనిషి!

ఆ మిషను కోసమే కూలీలు నోటీసు ఇచ్చి సమ్మెకు దిగారు. ముందు నిలబడింది తర్లుపాడు నుంచి ఆటోలో వచ్చే శ్రీశైలమ్మ. ఆమె మొగుడు అదే షెడ్డులో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. లేబర్ ఆఫీసరు ఇరువైపులవాళ్ళనూ కూర్చోబెట్టి చర్చలు మొదలుపెట్టాడు. చర్చలు సాగినన్నాళ్ళు పనిలోకి వస్తామని కూలీలు ఒప్పుకున్నారు.

హిదాయతుల్లాకు అతని లాయరు కోటేశ్వరరావు మరీ మరీ చెప్పాడు. "భాయ్, ఇప్పుడు గేటుకు తాళం వేసి వాళ్ళని బయట నిలబెట్టినావంటే అది లాకౌటు. చర్చల నడుమ లాకౌటు చట్టానికి విరుద్ధం. కేసు నీ మెడకు చుట్టుకుంటాది."

"నాకేమన్నా పిచ్చా?" అన్నాడు హిదాయతుల్లా.

శుక్రవారం వచ్చింది. ఏళ్ళ తరబడి ఆ ఫ్యాక్టరీలో ఒక అలవాటుంది. జుమ్మా నమాజుకు పోయేముందు అతను గేటుకు తాళం వేసి, తాళంచెవి శ్రీశైలమ్మ చేతిలో పెడతాడు. కూలీలు బయట అన్నం తిని వచ్చాక ఆమే గేటు తీస్తుంది. ఆ రోజూ ఆమె చేయి చాచింది. కానీ ముందురోజు ఆఫీసరు ఎదుట ఆమె అన్న మాట అతనికింకా మింగుడుపడలేదు. "ఈయన దగ్గు వినండి సార్, దుమ్మేందో ఈయనకే బాగా తెలుసు" అంది మరి! నలుగురిలో పరువు తీసిన మనిషికి తాళంచెవా? జేబులో వేసుకుని చక్కా పోయాడు.

నమాజులో మనసు నిలిస్తే ఒట్టు. తిరిగొచ్చేసరికి గేటు ముందు ఎండలో కూలీలందరూ నిలబడి ఉన్నారు. ఎవరో కబురు పెట్టినట్టున్నారు, పక్కనే ఆఫీసరు జీపు.

"ఏందండీ ఇది? చర్చలు నడుస్తుంటే తాళమా?" అన్నాడు ఆఫీసరు.

"నమాజుకు పోయినా సార్. తాళంచెవి ఇచ్చేది మర్చిపోయినా." అంటూ హిదాయతుల్లా జేబులోంచి తాళంచెవి తీశాడు.

ఆఫీసరు శ్రీశైలమ్మ వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మా?"

కాదని ఆమె ఒక్కమాట అంటే హిదాయతుల్లా పని అయిపోయినట్టే. తల ఎత్తలేకపోయాడు.

"అవును సార్. మర్చిపోయినాడు."

జీపు వెళ్ళిపోయాక అతను నెమ్మదిగా అడిగాడు. "ఎందుకట్ల చెప్పినావు శ్రీశైలమ్మా?"

"కేసైతే నువ్వు కోర్టుల చుట్టూ తిరుగుతా ఉంటావు. మిషను సంగతి అట్లే పడి ఉంటాది. నీ మీద జాలితో చెప్పలేదన్నా."

సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ వారంలోనే ఒప్పందం మీద సంతకం పెట్టాడు, మిషను బిగించారు. మళ్ళీ శుక్రవారం రాగానే తానే వెళ్ళి ఆమెకు తాళంచెవి ఇవ్వబోయాడు.

శ్రీశైలమ్మ చేతులు కొంగులో చుట్టుకుంది. "నీకు కోపమొస్తే జేబులోకి పోయే తాళంచెవి మాకెందుకన్నా? నీకాడనే ఉండనీ. మేం బయట కూచుంటాం, నువ్వొచ్చి తీద్దువులే."

అతను గేటు బార్లా తెరిచిపెట్టి మసీదుకు పోయాడు. తిరిగొచ్చేసరికి గేటు అట్లాగే తెరిచి ఉంది. కూలీలందరూ బయట ఎండలోనే కూర్చుని ఉన్నారు.