తాకితే కదలని లిఫ్టు

తమిళనాడులోని మా ఊరు ఇండూరు నుంచి ఆటోలో ధర్మపురి ఆసుపత్రికి చేరేసరికి మా అత్త పెదవులు నల్లబడ్డాయి. ఆమెది పాత ఉబ్బసం. నా భర్త కట్టడం పనికి బెంగళూరు వెళ్ళి ఉండడంతో నేనొక్కదాన్నే తీసుకొచ్చాను. కింద డాక్టరు చూసి, ఆక్సిజన్ పెట్టించి, వెంటనే మూడో అంతస్తులోని ఐసీయూకు తీసుకుపొమ్మన్నాడు.

చక్రాల కుర్చీని లిఫ్టులోకి తోశాక వార్డు మనిషి సిలిండరు ముల్లు సున్నాకు దగ్గరపడడం చూసి కంగారుపడ్డాడు. ఇంకొకటి తెస్తానని బయటికి పరుగెత్తాడు. అతను వచ్చేలోపే తలుపులు మూసుకుని లిఫ్టు కదిలింది. పైకి కాదు, కిందికి. బండ్లు నిలిపే చోట ఆగింది. అక్కడ మనిషి జాడ లేదు. తలుపులు మళ్ళీ మూసుకున్నాయి.

అత్త నా కొంగు పట్టుకుంది. "ఏమ్మే, గాలి ఆడలేదే..."

"వచ్చేసినాము అత్తా, ఇంగ కొంచెం ఓర్చుకో."

నొక్కడానికి బటన్లే లేవు. నల్లటి అద్దం మీద అంకెలు మాత్రం ఉన్నాయి. మూడును వేలితో నొక్కాను. ఎర్రగా వెలిగి ఆరిపోయింది. ఇంకా గట్టిగా నొక్కాను. మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది. భయంతో అరచేత్తో అద్దమంతా బాదాను. ఎక్కడో గంట మోగింది. పైన స్పీకరులోంచి ఒక మగ గొంతు తమిళంలో, "తొడాదీంగమ్మా! తొడాదీంగ!" అని అరిచింది.

తాకొద్దంటున్నాడు. తాకకపోతే ఎట్లా కదులుతుందని నేనూ తమిళంలోనే ఏడుస్తూ అడిగాను. రోగాలు అంటకుండా పెట్టిన మిషనట అది. వేలిని దగ్గరకు తెచ్చి ఒక్కసారి చూపించి తీసేయాలట. మాటిమాటికీ నొక్కితే రద్దయిపోతుందట.

ఎడమ చేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని, వేలిని మూడుకు ఎదురుగా చూపి వెనక్కి లాక్కున్నాను. అంకె వెలిగింది. ఆరలేదు. లిఫ్టు పైకి కదిలింది. అప్పటికే అత్త తల వాలిపోయింది. కొంగు మీద పట్టు వదిలింది.

తలుపులు తెరుచుకునేసరికి ఆ వార్డు మనిషి కొత్త సిలిండరుతో మెట్లెక్కి వచ్చి, రొప్పుతూ ఎదురుగా నిలబడి ఉన్నాడు. అతనూ నర్సూ కుర్చీని లాక్కుని లోపలికి పరుగెత్తారు. నేను గోడకు ఆనుకుని కూలబడ్డాను.

సాయంత్రం నన్ను లోపలికి పిలిచారు. అత్త కళ్ళు తెరిచి, మాస్కు పక్కకు జరిపి, "ఏమన్నా తింటివా?" అంది.

లేదని తల ఊపి, మంచం కమ్మి పట్టుకుని ఏడ్చేశాను.

"ఊరుకో. పోయి తినేసి రా. ఆ పెట్టెలో వద్దు, మెట్లు దిగి పో."

మెట్లు దిగే వెళ్ళాను.