మందు పోసిన ఎద్దు

నాకు అడవంటే భయం. అటవీశాఖలో ఏళ్లకేళ్లు పనిచేసినవాడు అనకూడని మాటే కానీ, ఉన్నమాట అదే. చొప్పదండిలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పెరిగినవాణ్ణి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు ఖానాపూర్ అవతలి గుట్టల్లో గార్డుగా వేశారు. ఖాకీ బట్టలు, గొడ్డలి, ఒక ఈల ఇచ్చారు. ఈల వింటే పులి ఏం చేస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కలప కోసం కొట్టగా కొట్టగా నా వంతు అడవి ఒక చిన్న లోయగా మిగిలింది. అందులో ఒకే ఒక్క ఆడపులి, దానికి రెండు పిల్లలు. అది పోతే ఇక ఆ లోయలో పులి లేనట్టే. అందుకే ఊరూరా తిరిగి, తుపాకి ముడితే జైలేనని బెదిరించాను. ఎదుటివాళ్లను భయపెడుతున్నంతసేపు నా భయం కాస్త తగ్గేది.

ఒక పొద్దున గుట్ట కింది ముసలి రైతు నా గుడిసెకు వచ్చాడు. ఆయనకున్న రెండెడ్లలో ఒకదాన్ని ముందురోజు సాయంత్రం పులి వాగులో కొట్టిందట.

"తుపాకి ముట్టద్దంటివి గదా సారూ, ముట్టలే," అన్నాడు. "అది మల్లొచ్చి తొడకాడ తింటది. గాడనే కోసి, పత్తికి కొట్టే మందు పోసిన. నీకో మాట చెప్పి పోదామని వచ్చిన."

చెప్పినట్టు విన్నానన్న తృప్తి ఆయన ముఖంలో. మందు గురించి నేను ఏ ఊళ్లోనూ ఒక్క ముక్క అనలేదు. తప్పు నాదే.

ఇద్దరం పరుగెత్తాం. వాగు ఇసుకలో ఎద్దు పక్కనే రెండు రాబందులు రెక్కలు పరుచుకుని పడివున్నాయి. ఒకటి ఇంకా మెడ ఎత్తడానికి చూస్తోంది. మద్దిచెట్టు మీద మరో పదీ పన్నెండు దిగడానికి సిద్ధంగా ఉన్నాయి. ఊపిరి ఉన్నంత మేర ఈల ఊదాను. అవి లేచాయి. ఈలకు జవాబన్నట్టు వెదురుపొదలో గుర్రుమన్న చప్పుడు.

లాగు తడిసింది. ఇప్పుడది రాయడానికి సిగ్గేం లేదు.

"ఉరుకకు," అన్నాడు ముసలాయన మెల్లగా. "పిల్లలు గూడ ఉన్నట్టున్నయ్. దాని దిక్కు జూస్కుంటనే కట్టెలేరు. ఎద్దును కాలవెడదాం."

చూస్తూనే ఏరాం. ఎండు వెదురు, మోదుగ కొమ్మలు ఎద్దు మీద, అప్పటికి చచ్చిన రెండు పక్షుల మీద పేర్చాం. అడవిలో నిప్పు పెట్టేవాళ్లను పట్టుకోవడం నా పని. ఆ రోజు అగ్గిపుల్ల గీసింది నేనే. మంట లేచాక పొద ఒకసారి కదిలి, ఆ కదలిక గుట్ట మీదికి సాగిపోయింది. మధ్యాహ్నం దాకా కట్టెలు వేస్తూనే ఉన్నాం.

మంట తగ్గేసరికి ముసలాయన ఇసుకలో కూలబడి ఏడ్చాడు. లేగగా ఉన్నప్పుడు దానికి తన చేత్తోనే గడ్డి పెట్టాడట. కాసేపటికి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"నీ పులి బతికింది," అన్నాడు. "రేపు నా రెండో ఎద్దు కోసం వస్తది. అది గూడ పోతె నాకు దున్నుడు లేదు. గప్పుడు నువ్వొస్తవా, బిడ్డా?"

వస్తానన్నాను. ఆయన నమ్మాడు. పొదలో పులి గుర్రుమన్నప్పుడు కూడా నేను అంత భయపడలేదు.