చేటెడు తవుడు

రైసుమిల్లు పక్కగా పోయేటప్పుడు వెచ్చటి తవుడు వాసన ముక్కుకు సోకితే, ఈ వయసులో కూడా నా చెయ్యి తలుపు గడియ కోసం వెదుకుతుంది.

నాకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. అందుకని నేను పుట్టగానే, అప్పటి ఆచారం ప్రకారం, నన్ను చేటలో పడుకోబెట్టి కాళహస్తిలో ఉండే మేనత్తకు చేటెడు తవుడుకు అమ్మేశారు. అంత చవక సరుకును మృత్యువు ముట్టదని నమ్మకం. ఏడాది తిరిగేలోగా ఆ తవుడు తిరిగిచ్చి బిడ్డను కొనుక్కోవాలి. చిత్తూరు బజారులో చిల్లరకొట్టు నడిపే మా నాయన, ఊరికే వచ్చిన తవుడును పాడి ఎనుముకు పెట్టేసి, తిరిగి కొనే సంగతి రేపూ మాపూ అంటూ మరిచిపోయాడు; నేను మాత్రం మా ఇంట్లోనే పెరిగాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, దసరా సెలవులకు, నన్ను రైల్లో తెచ్చి అత్త దగ్గర వదిలిపోయాడు. మామ పోయాక ఆమెది ఒంటరి బతుకు, పిల్లల్లేరు. మొదటి నాలుగు రోజులూ నాదే రాజ్యం: నెయ్యి కారే ఓళిగలు, అలసంద వడలు, స్వర్ణముఖి ఇసుకలో చెలమ తోడి దోసిలితో తాగిన చల్లటి నీళ్లు, వీధి ఆడపిల్లలతో చింతపిక్కలాట. వడకొక ముద్దు చొప్పున బేరం కుదుర్చుకుని, అత్తను బాగా ముంచానని మురిసిపోయాను కూడా.

అయిదోనాడు నేను తెచ్చుకున్న బట్టలు కనబడలేదు. అత్త టేకుపెట్టె తెరిచి, కొలత తీసి కుట్టినట్టు సరిపోయే పావడ తీసి నాకు కట్టింది. ఊరంతా గుడ్డకు కరువైన యుద్ధం రోజులవి. పెట్టెలోకి తొంగిచూస్తే, ఎవరూ కట్టని పావడలు, ఏడాదిపిల్లకు పట్టేది మొదలుకుని ఏడాదికొకటి. నాదాని కింద పదేళ్లది, పదకొండేళ్లది, ఇంకా కింద ఇంకా పెద్దవి. ఆ మధ్యాహ్నం నుంచి ఆటకు ఒక్కరూ రాలేదు. కిటికీలోంచి చూస్తే వాకిలికి వేపమండలు కట్టి ఉన్నాయి. నాకు అమ్మవారు పోసిందని అత్త వీధంతా చెప్పిందట. వేపమండ కట్టిన గడప ఎవరూ తొక్కరు. నా ఒంటిమీద దోమకాటు కూడా లేదు.

ఇంటికి పోతానని ఏడిస్తే, నా జడ అల్లుతూనే నిమ్మళంగా అంది: "మీ నాయన నిన్ను నాకు అమ్మినాడు గదా మే. ఇంగ యాడికి పోతావు?"

సెలవులయ్యాక నాయన వచ్చి, వేపమండలు చూసి వీధిలోనే నిలబడిపోయాడు. నాకేమీ లేదని, పిలుచుకుపొమ్మని కిటికీలోంచి అరిచాను. అత్త తలుపుకు బయట గడియ పెట్టి, గడపకు అడ్డంగా కూర్చుంది. నాయన బస్తా తవుడు పంపుతానన్నాడు, కాదంటే రెండన్నాడు.

"నేనిచ్చిన తవుడే ఇయ్యి అన్నా. అది ఉండాదా నీ దగ్గిర?"

బేరంలో ఓటమి ఎరగని నాయన రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పుడు నేనే దిగాను బేరానికి. ఏటా దసరాకు వచ్చి ఒక పావడ కట్టుకుంటాను, ఇప్పటికి తలుపు తియ్యమన్నాను. అత్త కిటికీ ఊచల్లోంచి నాచేత చేతిలో చెయ్యి వేయించుకుని, గడియ తీసింది. రైల్లో నాయన నా మొహం చూడలేదు. పెట్టెలో మిగిలినవి ఏడో ఎనిమిదో. అవి అయిపోతే నాకు విడుదలని నా లెక్క.

ఎంత తెలివిగలదాన్నో. ఏటా నేను పోయేసరికి అడుగున ఇంకొకటి చేరి ఉండేది. పావడలు పోయి చీరలొచ్చాయి. పెళ్లయ్యాక, బిడ్డలు పుట్టాక కూడా దసరా అంటే నాకు కాళహస్తే. మాట తప్పితే ఆ బిడ్డలకేమవుతుందోనని భయం.

ఇప్పుడు అత్త లేదు, ఆ ఇల్లు లేదు. తవుడంతా నూనెమిల్లులకు పోతోంది, దానికి బిడ్డలనమ్మే తల్లులూ లేరు. నాయన కూడా పోయాడు. నన్ను మాత్రం ఎవరూ తిరిగి కొనలేదు.