బట్టను తిట్టే హన్మండ్లు

హన్మండ్లు మనుషులను తిట్టడు. బట్టలను తిడతాడు.

కామారెడ్డి శివారు మిల్లులో పన్నెండు మగ్గాలు. వాటి మధ్య తిరుగుతూ, నేస్తున్న తెల్లబట్టలో లోపాలు పట్టడం ఆయన ఉద్యోగం. లోపం కనబడగానే వంగి, "ఎడమ అంచు నుంచి నాలుగు వేళ్ల లోపట పోగు తెగింది! తెగి గూడ నవ్వుకుంట వస్తున్నవా, సిగ్గులేదా?" అని బట్ట మీద విరుచుకుపడేవాడు. ఆ గొంతు ముందు పన్నెండు మగ్గాల మోత చిన్నబోయేది. వానాకాలంలో పోచారం జలాశయం నిండి మత్తడి దుంకితే, ఆ చప్పుడు విని "హన్మండ్లుకు మళ్లీ పోగు తెగినట్టుంది" అనుకునేవారట కింది రైతులు.

బయట కూడా అదే వరస. ఒకసారి ఎల్లారెడ్డి బస్సులో ముందు సీటాయన చొక్కాను పట్టుకుని, "ఇస్త్రీ ఒక్కటి తక్కువైందా నీకు? ముందు కుట్టు సక్కగ పెట్టుకో!" అన్నాడు.

"నన్నేనా?" అని ఆయన వెనక్కి తిరిగాడు.

"నిన్నెందుకంటనయ్యా? నువ్వు మంచోనివి. అంగీతోని మాట్లాడుతున్న."

మేనకోడలి పెండ్లిలో అడ్డుతెరకు రెండు పోగులు లేవని దాన్ని దులిపేసరికి ముహూర్తమే దాటిపోయిందంటారు. అది అబద్ధం. పంతులు కూడా మంత్రం ఆపి ఆ పోగుల కోసం వంగి చూడడం మాత్రం నిజం.

నిరుడు మిల్లుకు కెమెరాలు వచ్చాయి. బిగించడానికి వచ్చిన ఇంజనీరు వినీతది ఎల్లారెడ్డే. ఇక లోపాలను కెమెరాయే పడుతుంది. పట్టగానే మగ్గం మీద ఎర్రదీపం వెలుగుతుంది, నేసేవారు ఆపి సరిచేసుకోవాలి. అద్దాలగదిలో తెర ముందు కూర్చుని, అది నిజంగా లోపమేనా కాదా అని మీట నొక్కడమే ఇక హన్మండ్లు పని.

"నొక్కితే చాలు కాకా. తిట్టుడు అవసరం లేదు," అంది వినీత.

"తిట్టకపోతే బట్టకు ఎట్ల ఎరుకైతది బిడ్డా?"

"బట్టకు ఎరుక కావాల్సిన పనే లేదు కాకా."

ఆయన ఆమెను జాలిగా చూశాడు.

పదిరోజుల్లో పదకొండు మగ్గాల మీద లోపాలు తగ్గాయి. ఏడో మగ్గం మీద నాలుగింతలయ్యాయి. అది దుర్గవ్వది.

"సోమవారం ఆమెను పనికెళ్లి తీసేస్త," అన్నాడు మేనేజరు భూపాల్ వినీతతో.

"మరి ఇన్నేండ్లు ఎట్ల నేసింది సార్?"

"అదే నాకూ సమజైతలేదు."

వినీత వెళ్లి ఏడో మగ్గం దగ్గర నిలబడింది. ఎర్రదీపం వెలిగింది. దుర్గవ్వ మగ్గం ఆపింది. బట్టను చూడకుండా అద్దాలగది వైపు చెవి పెట్టింది.

"అటేం చూస్తున్నవ్ అవ్వా?"

"చూసుడేంది బిడ్డా! తెల్లబట్ట మీద తెల్లపోగు నాకు ఆరేండ్ల సంది ఆనుతలేదు. హన్మండ్లన్న తిట్టు కోసం ఇంటున్న. ఎడమకు నాలుగు వేళ్లంటే సాలు, తడిమి ముడేసుకుంట. ఇప్పుడేమో దీపమంటది, జాగ చెప్పది."

వినీత నేరుగా అద్దాలగదికి వచ్చింది. "కాకా, ఆమె కోసమైతే మిగిలిన పదకొండు మగ్గాల కాడ ఎందుకు ఒర్రినవ్?"

"ఒక్క మగ్గం కాడనే ఒర్రితే భూపాల్ సారుకు అనుమానం రాదా?"

"మరి మా ఎల్లారెడ్డి బస్సుల అంగీని?"

"అది... అలవాటైపోయింది బిడ్డా."

సోమవారం పొద్దున దుర్గవ్వను పంపించేయడానికి భూపాల్ వచ్చి నిలబడ్డాడు. ఏడో మగ్గం మీద వినీత బిగించిన కొత్త స్పీకరు నుంచి, కెమెరా లోపం పట్టగానే, ఆమె రికార్డు చేసిపెట్టిన హన్మండ్లు గొంతు ఉరిమింది: "కుడి అంచుకు రెండు వేళ్ల లోపట! సిగ్గులేదా?"

భూపాల్ రెండడుగులు వెనక్కి వేశాడు. దుర్గవ్వ మగ్గం ఆపి, తడిమి, ముడేసి, మళ్లీ నడిపించింది.

"దీపం కన్న మాట నయం సార్. లోపం ఎక్కడుందో చెప్తది," అంది వినీత.

భూపాల్ వంగి ముడిని చూశాడు. దుర్గవ్వతో చెప్పడానికి తెచ్చుకున్న మాటను మింగేశాడు. "అన్ని మగ్గాలకూ పెట్టియ్యి," అని వెళ్లిపోయాడు.

సాయంత్రానికి దుర్గవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని స్పీకరు వైపు తిరిగింది. "ఆరేండ్లు పెద్దమనిషివని ఊకున్న. ఇప్పుడు మిషన్‌వేనాయె! నీకుందా సిగ్గు? పొద్దందాక గదే తిట్టా? ఇంకోటి రాదా?"

అద్దాలగదిలో హన్మండ్లు గొంతు సవరించుకుని వినీత వైపు తిరిగాడు.

"నిజమే బిడ్డా. ఇంకో పది తిట్లు ఎక్కియ్యి."