బ్లెస్సీ మీద కొట్టిన మూడో గోల్

మా చిన్నప్పుడు బ్లెస్సీ వాళ్ళ బేస్‌మెంట్‌లో గోడకి ఒక పాత బొంత వేలాడుతుండేది... దాని ముందు ఐస్ హాకీ నెట్, నెట్ ముందు మోకాళ్ళకి లావుపాటి ప్యాడ్లు కట్టుకుని బ్లెస్సీ. నేను కొట్టే పక్ బిళ్ళ గోడకి తగిలి సొట్టలు పడకుండా వాళ్ళమ్మ సునీత ఆంటీ కట్టిన బొంత అది.

మేముండే నోవై ఊళ్ళో మంచు మొదలైతే ఓ పట్టాన వదలదు... పిల్లలం ఐస్ రింక్‌లోనే పెరిగాం. మా రెండు కుటుంబాలదీ ఒకటే తెలుగు చర్చి. బ్లెస్సీ ఇక్కడే పుట్టింది. నేను ఎనిమిదేళ్ళప్పుడు ఒంగోలు నుంచి ఈ దేశానికి వచ్చాను. స్కేటింగ్ తొందరగానే వచ్చింది గానీ గోల్ పడేది కాదు. ఎంత బలంగా కొట్టినా ఆ నల్ల రబ్బరు బిళ్ళ తిన్నగా పోయి గోల్ కాసే గోలీ ప్యాడ్లకే తగిలేది.

గోల్ కొట్టడం నాకు నేర్పింది కోచ్ కాదు... గోలీగా నిలబడ్డ బ్లెస్సీయే.

"సుధా, నువ్వు ఎక్కడ కొడతావో అక్కడే చూస్తావ్. నీ కళ్ళు చూసి నేను ముందే వెళ్ళిపోతా. చూడకు."

ఇంకో రోజు ఇంకోటి చెప్పేది. "తొందర వద్దు. నేను కదిలేవరకు వెయిట్ చెయ్యి. నేను ఒక సైడ్ కదిలితే ఇంకో సైడ్ ఖాళీ, కదా?"

అలా రెండు చలికాలాలు... స్కూల్ అవగానే వాళ్ళింటికి పోయేదాన్ని. రోజూ వందసార్లయినా కొట్టి ఉంటాను. ప్రతిసారీ అది మోకాళ్ళ మీద పడి, రెండు కాళ్ళూ చెరో పక్కకి పరిచి ఆపేది. మళ్ళీ లేచేది. మళ్ళీ పడేది.

పన్నెండో ఏట, టీమ్ సెలక్షన్‌కి నెల ముందు, ఒకరోజు పడి వెంటనే లేవలేదు.

"ఎడమ తుంటిలో నొప్పి వస్తుంది. చాలా డేస్ నుంచి. కాలు ఫుల్‌గా చాపలేను... మమ్మీకి చెప్పకు, ప్లీజ్. ఆడనివ్వదు."

ఒట్టు వేశాను. మా ఇంట్లో అమ్మ నడుముకి పెట్టుకునే ఉప్పు మూట తెచ్చి, మైక్రోవేవ్‌లో వేడి చేసి దానికి కాపడం పెట్టేదాన్ని. ఆంటీ కిందికి దిగుతున్న చప్పుడైతే మూట సోఫా కింద దాచేవాళ్ళం. మాకదో ఆటలా ఉండేది...

సెలక్షన్ రోజు చివరికి ఒక్క చోటే మిగిలింది. దానికి ఇద్దరం... నేనూ, ఇంకో అమ్మాయీ. ఒక్కొక్కరికీ మూడు ఛాన్సులు. నెట్‌లో బ్లెస్సీ. టీమ్‌లో గోలీగా దాని చోటు ఇంకా ఖాయం కాలేదు.

ఆ అమ్మాయి మూడింటిలో ఒకటి కొట్టింది.

నేను మొదటిది బ్లెస్సీ ఎడమ పక్క, కింద, ఐస్‌ని రాసుకుంటూ పోయేలా కొట్టాను. కాలు అందలేదు. గోల్. రెండోదీ అక్కడికే... గోల్. చోటు నాకు వచ్చేసింది. అది నాకూ తెలుసు, బ్లెస్సీకీ తెలుసు.

రింక్ అద్దాల అవతల అందరూ చప్పట్లు కొడుతున్నారు. అంతకుముందు నన్నెవరూ అలా చూడలేదు.

మూడోది కూడా అక్కడికే కొట్టాను.

ఈసారి బ్లెస్సీ ఎలాగైనా ఆపాలని కాలు మొత్తం చాపింది. హెల్మెట్ లోపలి నుంచి ఒక అరుపు... మనిషి అరుపులా లేదది. పక్ నెట్‌లో పడింది. బ్లెస్సీ లేవలేదు.

తుంటి కీలు లోపల చిరిగిందన్నారు డాక్టర్లు. ఎన్నో నెలలుగా నలుగుతూ ఉందట. ముందే తెలిసుంటే ఇంతదాకా వచ్చేది కాదట. ఆపరేషన్ చేశారు. ఇక గోలీగా ఆడకూడదన్నారు.

చూడ్డానికి వెళ్తే సోఫాలో పడుకుని ఉంది. కళ్ళు టీవీ మీదే. తర్వాత మెల్లగా అంది... "టూ చాలు కదా. మూడోది ఎందుకు?"

అది టీవీ సౌండ్ పెంచేసింది.

నొప్పి సంగతి నాకు ముందే తెలుసని ఎవరికీ చెప్పలేదు బ్లెస్సీ. ఒక్కరికి కూడా...

అంతకన్నా ఘోరం ఏంటంటే, మా అమ్మకి మంచులో డ్రైవింగ్ భయమని ఆ చలికాలమంతా నన్ను ప్రాక్టీస్‌కి తీసుకెళ్ళింది సునీత ఆంటీయే. కూతురిని ఇంట్లో పడుకోబెట్టి, నా కోసం కారు మీద మంచు గీకేది.

ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగింది. "సుధా, నీకైనా చెప్పలేదామ్మా, నొప్పి అని? నేనే కనిపెట్టలేకపోయాను. తల్లినయ్యుండి..."

"లేదాంటీ," అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. గ్రీన్ సిగ్నల్ పడింది. ఆ రోజు ప్రాక్టీస్‌లో నాలుగు గోల్స్ కొట్టాను.

మరుసటి ఏడు బ్లెస్సీ వాళ్ళ నాన్నకి వేరే రాష్ట్రంలో, బెంటన్‌విల్‌లో ఉద్యోగం వచ్చి వాళ్ళు వెళ్ళిపోయారు. చాలా ఏళ్ళ తర్వాత బ్లెస్సీ పెళ్ళి వీడియో ఎవరో పంపితే చూశాను... ఆపరేషన్ తర్వాత నడకలో వచ్చిన కొద్దిపాటి కుంటు అలాగే ఉంది. మెసేజ్ పెట్టాను. చూసింది. జవాబు రాలేదు.

పోయిన నెల చర్చి గ్రూప్‌లో సునీత ఆంటీ ఫోటో పెట్టారు, ప్రభువు నందు నిద్రించారని.

ఇప్పుడు మా పాప అదే రింక్‌లో ఆడుతోంది. ఐస్ ఎక్కే ముందు కోచ్ ఒక్కొక్కరినీ పిలిచి ఎక్కడైనా నొప్పి ఉందా అని అడుగుతుంది. కాలం ఎంత మారిందో, మా రోజుల్లో ఇలా అడిగేవాళ్ళే లేరు అని రాయబోయాను ఇక్కడ...

రాయలేకపోయాను. నన్ను ఆంటీ అడిగింది.

మీకూ అలా దాచుకున్న మాట ఏదైనా ఉంటే, వినాల్సిన మనిషి ఇంకా ఉంటే... ముందు వాళ్ళకి ఫోన్ చెయ్యండి. ఇక్కడ కామెంట్ తర్వాత పెట్టొచ్చు.