పరదా మీద కూర్చున్న ఊరు

మొన్నటి వానకు నా ట్రంకు పెట్టెలోకి నీళ్లు దిగాయి. అడుగున మడిచిపెట్టిన గుడ్డముక్కను ఎండలో ఆరేస్తే అవిసెనూనె రంగుల పాత వాసన గుప్పుమంది. దాని మీద సగం హంస ఉంది. హంస మెడ మీద ఎవరిదో మడమ గుర్తు. ఆ గుర్తు పడనిచ్చిన మనిషి ఖాదర్ సాబు. ఆదోనిలో మా బడి పక్కనే ఆయన ఫోటో స్టూడియో ఉండేది.

నేనప్పుడు ఆడపిల్లల బడిలో కొత్త పంతులమ్మను. మా పిల్లలు పరిగెత్తడానికి తాతలనాటి ఊరి పార్కు తప్ప వేరే చోటు లేదు. రెండో ప్రపంచయుద్ధం రోజులవి. చెట్లు కొట్టించి, పత్తి బేళ్లు పెట్టుకోవడానికి ఆ స్థలం ఇచ్చేస్తారని తెలిసింది. "పట్టుమని పదిమంది రాని తోట" అన్నాడట పార్కు కమిటీ పెద్ద. ఏడుపు మొహంతో ఆ మాట చెబితే ఖాదర్ సాబు నన్ను ఓదార్చలేదు. "వచ్చేటోళ్లను ఫోటో తీసి ఆయప్ప ముందర పెడదాం. అందర్నీ పిలువమ్మా" అన్నాడు.

ఆదివారం పొద్దున జనం పెళ్లికి వచ్చినట్టు ముస్తాబై వచ్చారు. వచ్చి, పరదా ఏదని అడిగారు. ఫోటో అంటే వెనక పరదా ఉండాల్సిందే. సాబు స్టూడియోలో ఉన్న పరదా ఎమ్మిగనూరు మగ్గం మీద నేయించిన దళసరి గుడ్డ. దాని మీద కొలను, హంసలు, పాలరాతి మెట్లు ఏడాదిపాటు ఆయన స్వయంగా వేసినవి. "ఉత్త చెట్ల కింద ఫోటో ఏంది సాబూ, దిక్కులేనోళ్ల మాదిరి?" అంది కూలికి పత్తి ఏరే నాగమ్మ. కాదనలేక రెండు వేపచెట్ల మధ్య పరదా కట్టాడు. ఫోటో పట్టే గాజు ప్లేట్లు ఐదు అయిపోయాయి.

కడిగి చూస్తే హంసలున్నాయి, మెట్లున్నాయి, పార్కు మాత్రం లేదు! నాకు నవ్వాగలేదు. మరుక్షణమే ప్లేట్ల సంగతి గుర్తొచ్చింది. యుద్ధం మూలంగా బొంబాయి నుంచి అవి రావడం ఆగిపోయింది. ఆయన దగ్గర మిగిలింది ఒక్కటి. కమిటీ మీటింగు మూడు రోజుల్లో ఉంది.

"మొగమాటానికి పోయి నేనే చెడగొట్టినాను" అన్నాడు.

మర్నాడు సాయంత్రం మళ్లీ అందరినీ పిలిచాం. ఆయన పరదా తెచ్చి, బొమ్మ పైకి కనబడేలా నేల మీద పరిచాడు. "పరదా కావాలంటిరి కదా, దీని మీదనే కూసోండి. ఎనక చెట్లు కనపడాల."

ఎవరూ అడుగు వెయ్యలేదు. "కరాబు అయితాది సాబూ" అంది నాగమ్మ.

"కానీలేమ్మా. ఇంకోటి రాసుకుంటా. ఈ చెట్లు పోతే యాడ తెస్తాం?"

అంటూనే ఆయన వంగి పరదా ముడతలు చేత్తో సరిచేశాడు. అది చూసి పిల్లలను వెంటబెట్టుకుని ముందు నేనే వెళ్లి కూర్చున్నాను. తర్వాత నాగమ్మ, హమాలీలు, రోజూ చేతికర్రతో అక్కడికి వచ్చే ముసలమ్మలు, అందరూ సర్దుకున్నారు. ఆయన నల్లగుడ్డ కిందికి తల దూర్చాడు.

మీటింగులో కమిటీ పెద్ద ఆ ఫోటో చాలాసేపు చూశాడు. ముందు వరుసలో వక్కాకు నములుతూ కూర్చున్నది ఆయన తల్లే.

"మాయమ్మ దినామూ ఆడికి పోతాదా?"

"దినామూ పోతాదన్నా" అన్నాడు ఖాదర్ సాబు.

బేళ్లకు వేరే చోటు చూశారు. పరదా రంగు మాత్రం పెళ్లలుగా ఊడిపోయింది; మిగిలిన ఈ హంస ముక్కను ఆయన నాకిచ్చాడు. ఇంకోటి రాసుకుంటానన్నాడు గానీ, రాయలేకపోయాడు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

నేను రిటైరైన రోజు ఫోటోగ్రాఫరు నా వెనక కొండలూ జలపాతమూ ఉన్న పరదా లాగాడు. నేను లేచి, కుర్చీ ఎత్తుకుని పార్కు దారి పట్టాను. "యాడికి పోతాండారు టీచరమ్మా?" అని అరుస్తూ అతను కెమెరాతో వెనకే వచ్చాడు. వేపచెట్ల కింద కుర్చీ వేసి, ఆ రోజుకని సంచిలో వెంట తెచ్చుకున్న హంస ముక్క తీశాను. కాళ్ల కింద పరచడానికి ఈసారి మనసొప్పలేదు. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.