తార్నాక దారిలో పురుగు

అరవై ఎనిమిదిలో ఇంటర్వ్యూ కోసం రాజమండ్రి నుంచి హైదరాబాదు వెళ్లాను. తార్నాక దగ్గర బస్సు దిగి, యూనివర్సిటీలోకి బండల మధ్య అడ్డదారి పట్టాను. గడ్డి కోస్తున్న ఒకావిడ చేయి అడ్డం పెట్టింది.

"గటు పోకుండ్రి సారూ, పురుగున్నది."

పురుగుకి భయపడతానా? తన గడ్డి తొక్కుతానని అబద్ధమాడుతోందనిపించి, అడుగు ముందుకేశాను. ఆవిడ నా చొక్కా పట్టి వెనక్కి లాగింది.

"గీడ చూడుండ్రి. ఒంటి మీద గొలుసు లెక్క మచ్చలు."

ఎండుటాకుల్లో ఆ గొలుసు కదిలి, గట్టిగా బుస కొట్టింది. రక్తపింజర! ఒక్క గెంతులో ఆవిడ వెనక్కి చేరాను.

"పామని ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"పేరు తీస్తే ఎదురొస్తది సారూ. గది గూడ తెల్వదా? ఏ ఊరు మీది?" అంటూ ఆవిడ నన్ను అనుమానంగా చూసింది.